పిల్లిగద్దల హాజరు పట్టీ

మనిషి చక్రాన్ని కనిపెట్టాడు, సున్నాను కనిపెట్టాడు, చివరికి పక్షులకు హాజరు వేయడం కనిపెట్టాడు. ఈ మూడోది నాగోల్‌లో, మా అపార్టుమెంటు మేడ మీదే జరిగింది. కాబట్టి అసోసియేషన్ కార్యదర్శిగా దాని చరిత్ర రాసే బాధ్యత నా మీద పడింది.

మా వెనక మూసీ వైపు పన్నెండెకరాల గడ్డి బీడు ఉండేది. ఏటా అక్టోబరులో పిల్లిగద్దలు కజకిస్తాన్ నుంచి వచ్చి, చలికాలమంతా రాత్రిళ్లు ఆ గడ్డిలో పడుకునేవి. (నేల మీద నిద్రపోయే గద్దలు. మెయింటెనెన్స్ అడిగే వీలు కూడా లేదు.) వాటిని లెక్కపెట్టడానికి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో ‘వలస గద్దల రాకపోకల విభాగం’ వెలిసింది. అధికారి జోగారావు గారిది రాజమండ్రి. ఆయన గద్దను దగ్గర నుంచి చూసింది లేదు గానీ, ఫైలును ఎంత దూరం నుంచైనా గుర్తుపడతారు.

లెక్కపెట్టే ఉద్యోగం అరుణమ్మది. నల్గొండ వైపు ఊరు, ఉండేది మన్సూరాబాద్‌లో, కొలువు ఔట్‌సోర్సింగ్. అంతకుముందు దోమల మందు కొట్టేది. ఎగిరేవాటితో పదకొండేళ్ల అనుభవం ఉందని ఇక్కడ వేశారు. బైనాక్యులర్ కోసం ఆమె పెట్టిన అర్జీ పరిశీలనలో ఉంది. ఆమె కళ్లకు దాని అవసరం లేదనుకోండి.

"గా బూడిదరంగుది మొగది సార్, నిన్న లేకుండె. గీ గోధుమరంగుది సూడున్రి, రోజూ అన్నిటికంటె లేటుగ ఒస్తది" అని సాయంత్రాలు మా మేడ మీద నుంచి నాకు చూపించేది. మొదటి ఏడాది ముప్పై ఏడు గద్దలని తేల్చింది.

విభాగం వారి యాప్‌ను సిబ్బంది హాజరు యాప్ నుంచి మార్చి తయారుచేశారు. అందుచేత గద్ద వస్తే ‘చేరిక’, వెళితే ‘రిలీవింగ్’. రెండూ సమానంగా ఉంటేనే మార్చి ఆఖరున అరుణమ్మ కాంట్రాక్టు రెన్యువల్ బటన్ వెలుగుతుంది. ఆమెకు ఇద్దరు పిల్లలు, ఇంట్లో జీతం ఆమెదొక్కటే.

ఫిబ్రవరిలో జేసీబీ వచ్చింది. నాలుగు గంటల్లో అంచున కాస్త మినహా గడ్డంతా పోయింది. ఆ అంచులో ఇరుక్కుని పడుకున్న గద్దలు మార్చిలో ఒక్కొక్కటే వెళ్లిపోయాయి. రిలీవింగ్ లెక్క ముప్పై ఒకటి దగ్గర ఆగింది.

"ఆరు తక్కువొచ్చాయేంటమ్మా?" అన్నారు జోగారావు గారు.

"గడ్డి గొట్టిన్రు సార్. ఏడికి పోయినయో, బతికినయో సచ్చినయో నాకెట్ల తెలుస్తది?"

"గడ్డికి కాలమ్ లేదమ్మా. బదిలీ ఉంది, పదవీ విరమణ ఉంది, మెడికల్ లీవ్ ఉంది. ఏదో ఒకటి నొక్కేయండి, మీకూ పనైపోతుంది."

"సచ్చినదానికి మెడికల్ లీవ్ ఎట్ల రాస్త సార్?"

అరుణమ్మ నొక్కలేదు. (నొక్కి ఉంటే నాకు ఈ వ్యాసం రాసే శ్రమ తప్పేది.)

యాప్ తనంతట తానే ఆ ఆరింటినీ ‘అనధికార గైర్హాజరు’గా ప్రకటించింది. చివరి చిరునామాలో నోటీసు అంటించి ఫొటో పెట్టమంది. బీడు చుట్టూ అప్పటికే కంచె పడడంతో అరుణమ్మ దాన్ని మా కాంపౌండు గోడకు అంటించింది. గడువు ఏడు రోజులు. ఒక్క గద్దా సంజాయిషీ ఇచ్చుకోలేదు. ఆరింటినీ విధుల నుంచి తొలగించారు. అరుణమ్మను మాత్రం విచారణ తేలేవరకు నెల నెలా పొడిగింపు మీద ఉంచారు.

ఆ నోటీసు పక్కనే మా అసోసియేషన్ అర్జీ నకలు ఇంకా వేలాడుతోంది: ‘పాములు వస్తున్నందున వెనక గడ్డి తొలగించగలరు.’ కింద సంతకం నాది. పదేళ్లలో మేం పెట్టిన అర్జీల్లో మూడు రోజుల్లో పరిష్కారమైంది అదొక్కటే. స్వీట్లు కూడా పంచాం. అరుణమ్మ దాన్ని కూడబలుక్కుంటూ చదివింది.

"మంచిగ రాసిన్రు సార్" అంది. తల ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

వేసవిలో ఆ అంచు కూడా చదునైంది. అక్టోబరు రాగానే అరుణమ్మ మళ్లీ రోజూ మేడెక్కింది. నవంబరులో ఒక సాయంత్రం ఒకే ఒక్కటి వచ్చింది. బీడులో కొత్తగా పాతిన ప్లాట్ల హద్దురాళ్ల మీద రెండు చుట్లు తిరిగి, కాలు మోపకుండా వెళ్లిపోయింది.

"గా లేటుగొచ్చేదే సార్ అది" అని ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేలమీద దిగలేదు కాబట్టి, నిబంధనల ప్రకారం చేరినట్టు కాదు.

మార్చి ఆఖరుకు యాప్ లెక్క తేల్చింది. చేరినవి సున్నా, రిలీవైనవి సున్నా, తేడా సున్నా. బటన్ పచ్చగా వెలిగింది.

జోగారావు గారు శాలువా, ప్రశంసాపత్రం పట్టుకుని స్వయంగా మేడ మీదికి వచ్చారు. విచారణ మూసేశారు. కాంట్రాక్టు ఏకంగా మూడేళ్లకు పొడిగించారు. బైనాక్యులర్ కూడా మంజూరైంది.

"సార్, ఒక్కటన్న రాలే సార్" అంది అరుణమ్మ.

"అదేనమ్మా మరి! అన్ని కేంద్రాల్లోకీ టాలీ అయింది మనదొక్కటే."

ప్రశంసాపత్రం ఆమె నాకిచ్చి చదవమంది. చదివాను. అడుగున వచ్చే ఏటి లక్ష్యం కూడా అచ్చువేసి ఉంది: ఇదే ఫలితాన్ని నిలబెట్టుకోవలెను.