గుట్ట కనబడుట లేదు

భూమి మీద మనిషి అనుమతి లేకుండానే పుట్టాడు. ఆ పొరపాటును సరిదిద్దడానికి మట్టి శాఖ పుట్టింది. ఎవరి వాకిట్లో ఏ మట్టి ఉండాలో, ఎంత ఉండాలో, ఎవరి సంతకం మీద తడవాలో తేల్చడం ఆ శాఖ పని. (వాన మాత్రం ఇంకా వాళ్ళ పరిధిలోకి రాలేదు. ప్రతిపాదన పంపారట.)

ఇంతటి శాఖతో బట్టలు కుట్టుకుని బతికే ఒక కోడలికి పని పడింది. చిన్న పనే. అరుగు నుంచి గేటు దాకా ఆవిడ వాకిలంతా బంకమట్టి. ఎండల్లో చేయి దూరేంత పగుళ్ళు, వానల్లో చెప్పులు మింగే బురద. అత్తగారు తుంటి విరిగి అతికించుకున్నాక వాకర్ పట్టుకుని నడుస్తోంది. పోయిన వానల్లో ఆ వాకర్ నాలుగు కాళ్ళూ బురదలో దిగబడి, ముసలావిడ నట్టనడి వాకిట్లో జెండా కర్రలా నిలబడిపోయింది. ఇద్దరు పట్టి లాగితే మనిషి వచ్చింది, వాకర్ రాలేదు. అప్పటినుంచి ఆవిడ అరుగు దిగలేదు.

దిగకపోతే ఏం కొంప మునిగింది అంటారేమో. ఎదురింటి ముసలావిడతో అత్తగారికి ఏళ్ళ తరబడి పోట్లాట. సాయంత్రమయ్యేసరికి గేటు దగ్గర నిలబడి, ఎదురెదురుగా, తీరిగ్గా చేసుకోవాల్సిన పోట్లాట. అరుగు మీంచి అరిస్తే సగం తిట్లు దారిలోనే రాలిపోతున్నాయి.

"నా నోరు తుప్పు పడుతోందే అమ్మాయ్," అంది అత్తగారు. "అదేమందో నాకు వినపడదు, నేనేమన్నానో దానికి వినపడదు. ఇదీ ఒక బతుకేనా? వానలు ముదిరేలోగా నన్ను గేటు దాకా నడిపించు. లేదంటే ఇంకో ఏడాది ఈ అరుగే నాకు ఊరు."

అత్తగారి దగ్గర ఇంకో ఏడాది ఉందో లేదో కోడలికి తెలియదు. అందుకే లేచి మట్టి కొట్టుకు వెళ్ళింది.

కొట్టాయన మూడు కుప్పలు చూపించాడు. "ఇది నింపుడు మట్టి. ఇది పైమట్టి. ఇది ఎరువు కలిపిన స్పెషల్."

"మూడూ ఒకేలా ఉన్నాయే?"

"ఒకే లారీలో వచ్చాయమ్మా, ఒకేలా ఉండవూ? బోర్డులు వేరు."

"బంకనేలకి ఏది మంచిది?"

"ఇసుక కొట్టించండి."

"బంకలో ఇసుక కలిపితే గచ్చులా బిగిసిపోదూ?"

"బిగిస్తే మంచిదేగా. కూరుకుపోరు."

ఆవిడ కదల్లేదు. వెనక షెడ్డులో ఆయన సొంత తోటకి దాచుకున్న కుప్ప కనిపించేదాకా కదల్లేదు. అది నల్లగా, పొడిపొడిగా, వాన పడ్డ పొలం వాసన కొడుతోంది. పిడికిట్లో నొక్కితే ముద్దయింది, వేలితో తాకితే విడిపోయింది. "ఇదే కావాలి. లారీ లోడు," అంది. ఆయన నిట్టూర్చి, శాఖ అనుమతి లేనిదే తట్టెడు కూడా కదలదని చెప్పాడు.

అనుమతి కోసం శాఖ వారు ఫోన్లోనే ఒక యాప్ పెట్టారు. మీ నేల ఎటువంటిది అని అందులో అడుగుతారు. 'మంచిది', 'చాలా మంచిది', 'శాఖ చలవ వల్ల మంచిది' అని మూడు జవాబులుంటాయి. 'ఇతరములు' అని నొక్కితే యాప్ మూసుకుపోతుంది. (నేల బాగాలేదని ఇంతవరకు ఒక్క ఫిర్యాదూ రాలేదని శాఖ వారు గర్వంగా చెప్పుకునేది ఇందుకే.)

దాంతో ఆఫీసుకే వెళ్ళింది. నేల నమూనా తేవాలన్నారు. 'నమూనా పూర్తిగా ఎండినదై ఉండవలెను' అని గోడ మీద రాసి ఉంది. సరే అని మట్టిముద్ద తవ్వి, మేడ మీద ఎండబెట్టి, గుడ్డలో కట్టి పట్టుకెళ్ళింది. గుమస్తా దాన్ని అందుకుని బల్ల మీద కొట్టాడు. బల్ల అద్దం పగిలింది.

"ఇది మట్టి కాదమ్మా. ఇటుక."

"బంకమట్టి సార్. ఎండితే అలాగే ఉంటుంది. ఎండబెట్టమన్నది మీరే కదా?"

"ఎండబెట్టమన్నాం. ఇటుక చెయ్యమన్నామా?"

"నీళ్ళలో వేసి చూడండి, కరిగిపోతుంది."

"నమూనాని తడపడం నేరం."

నమూనా ఇటుక అయింది కాబట్టి వాకిలి ఇటుకల కట్టడమైంది. కట్టడం కాబట్టి భవనమైంది. పైకప్పు లేదు కాబట్టి అసంపూర్తి భవనమైంది. ఇంత జరిగినా శాఖ వారు మనసున్నవాళ్ళు, అనుమతి నిరాకరించలేదు. 'దరఖాస్తుదారు మట్టి తెప్పించుకొనవచ్చును. భవనములో పోయరాదు' అని ముద్ర వేసి ఇచ్చారు.

"మరి ఎక్కడ పోసుకోను?" అంది కోడలు.

"పోసుకుంటానని దరఖాస్తులో లేదు కదమ్మా. తెప్పించుకుంటానని ఉంది."

లారీ వచ్చింది. డ్రైవరు చదువుకున్నవాడు. అనుమతి పత్రం పైనుంచి కిందికి చదివి, వాకిట్లో ఒక్క రవ్వ పడకుండా, మట్టంతా గేటుకి అడ్డంగా వీధిలో దించి వెళ్ళిపోయాడు. కోడలు పార తెచ్చేలోపు కొలతల అధికారి దిగాడు. నడుము ఎత్తు దాటితే కుప్ప గుట్ట అవుతుందని నియమం. ఎవరి నడుము అంటే కొలతల అధికారి నడుము. (ఆ పోస్టుకి శాఖ వారు ఏరికోరి పొట్టివాణ్ణి పెట్టుకున్నారు.) ఆయన కుప్ప పక్కన నిలబడ్డాడు. కుప్ప ఆయన టోపీ దాటింది. 'ఇది గుట్ట. తాకరాదు' అని బోర్డు పాతి, ఆ ఏడాది గుట్టల సంఖ్య పెరిగిందని పైకి నివేదిక పంపాడు.

ఇంతకు ముందు అత్తగారికి ఎదురింటావిడ వినపడేది కాదు. ఇప్పుడు కనపడడం కూడా మానేసింది.

"నన్ను గేటు దాకా నడిపించమన్నానా, గేటుకి గోడ కట్టించమన్నానా?" అని అత్తగారు ముఖం తిప్పుకుంది. అన్నం కూడా అటు తిరిగే తింది. పైన మబ్బులు కమ్ముకొస్తున్నాయి. వాన గట్టిగా పట్టుకుంటే బంక బురదవుతుంది, ఇక పార ఆడదు. వెనక తలుపు నుంచి వెళదామా అంటే నిటారు మెట్లు, ముసలావిడ దిగలేదు. కోడలు మిషను ముందు కూర్చుని కుట్టిందే కుడుతూ, అధికారి ముత్తాతల దాకా తిట్టుకుంది.

మొదటి చిరుజల్లు పడిన సాయంత్రం గుట్ట వెనక నుంచి కేక వినపడింది.

"ఏమే వదినా! చచ్చావా, బతికావా? కనపడవేం?"

"నిన్ను పంపించాకే పోతాను!" అంది అత్తగారు అరుగు మీంచి.

"అయితే కూర్చో, వస్తున్నా!"

ఎదురింటి ముసలావిడ బేసిను పట్టుకొచ్చి గుట్టలో గుచ్చి, నింపి, గేటు పక్క గోడ మీదుగా కోడలికి అందించింది.

"పిన్నిగారూ, తాకకూడదని బోర్డు పెట్టారండీ."

"నేను తాకలేదే. బేసిను తాకింది. పట్టుకో."

అంతే. ఇస్త్రీ బండి ఆవిడ తట్ట తెచ్చింది. మంగలాయన షాపు మూసి పార తెచ్చాడు. బేకరీ ఆయన పిండి తొట్టి తెచ్చాడు. వీధిలో ఒక్కరూ దరఖాస్తు పెట్టలేదు. జల్లుకి బంక ఇటుకా కాకుండా, బురదా కాకుండా పదునుగా ఉంది. పైన కొత్త మట్టి పరిచేసి చేతులు దులుపుకుందామన్నాడు మంగలాయన. "పైపైన పరిస్తే కింద బంక పళ్ళెంలా నీళ్ళు పట్టేస్తుంది. తవ్వి కలపాల్సిందే," అని కోడలు ముందు తనే పార దించింది. తవ్వారు, గడ్డలు చితక్కొట్టారు, కలిపారు. నీళ్ళు ఇంటివైపు రాకుండా అరుగు నుంచి గేటుకి వాలు ఇచ్చారు. గడ్డి విత్తనాలు చల్లారు. గుట్ట అయిపోయింది. బోర్డు ఒక్కటే మిగిలింది.

వానలు పడ్డాయి. నీళ్ళు నిలవలేదు. గడ్డి లేచింది. ఒకరోజు వాన వెలిశాక అత్తగారు వాకర్ పట్టుకుని అరుగు దిగింది. కోడలు చెయ్యి పట్టుకోబోతే విదిలించి కొట్టింది. వాకర్ కాళ్ళు దిగబడలేదు. ఆగి ఆగి గేటు దాకా వెళ్ళి, ఊపిరి పీల్చుకుని, ఎదురింటివైపు నోరు తెరిచింది.

"ఏమే దొంగ ముఖమా! నా మట్టి తట్టెడు నీ కుండీల్లో పోసుకున్నావట?"

"పోసుకున్నానే! ఏం చేస్తావ్? వచ్చి తీసుకో!"

ఇద్దరు ముసలమ్మలూ చీకటి పడేదాకా హాయిగా తిట్టుకున్నారు. కోడలు మిషను ఆపి, విని, కళ్ళు తుడుచుకుంది.

తెల్లారేసరికి వీధి గోడలన్నిటికీ శాఖ వారి ప్రకటన అంటించి ఉంది. 'గుట్ట కనబడుట లేదు. రంగు నలుపు. ఎత్తు అధికారి టోపీని మించి. ఆచూకీ తెలిపిన వారికి తగిన గౌరవం.' ఆచూకీ దొరకడం కష్టం కాలేదు. గుట్ట భౌతిక కాయం వాకిట్లో పరిచి ఉన్నట్టు అధికారులు గుర్తించారు. వాకిలి సాక్ష్యమైంది. జోరువానలో సిబ్బంది వచ్చి అరుగు మెట్టు నుంచి గేటు దాకా ఎర్ర రిబ్బను కట్టారు. విచారణ ముగిసేదాకా దాని మీద ఎవరూ అడుగు పెట్టరాదు.

"విచారణ అధికారి ఎప్పుడొస్తారు?" అంది కోడలు.

"ఆ పోస్టు ఇంకా మంజూరు కాలేదమ్మా."

"మా అత్తయ్య గేటు దాకా ఎలా వెళ్ళాలి మరి?"

"వెనక తలుపు ఉందిగా?"

"మెట్లున్నాయి. దిగలేదు."

"దిగలేనని ఆవిడనే ఆఫీసుకొచ్చి రాసిమ్మనండి."

అత్తగారు మళ్ళీ అరుగు మీద కుర్చీ వేయించుకుని కూర్చుంది.

అంత వానలో వాకిలంతా తిరిగి రిబ్బను కట్టినా సిబ్బంది బూట్లకు ఒక్క బురద చుక్క అంటలేదని, బంకనేలల అభివృద్ధిలో ఇది తమ ఘన విజయమని శాఖ వారు ఆ ఏటి నివేదికలో రాసుకున్నారు.