చాప బాగుంది

అమెరికా చట్టసభలో బిల్లు నెగ్గిందని రేడియో చెప్పేసరికి హెర్టీనా, లాంజెన్ కొత్త చాప మీద కూర్చుని కాల్చిన సీమపనస తింటున్నారు. పెళ్లయి పంతొమ్మిది రోజులు. ఆ రోజుకి వాళ్ళు వేసుకున్న పథకం చాలా సులభం: తినడం, ఒకరినొకరు చూసుకోవడం, మళ్ళీ తినడం.

కొత్త చట్టం ప్రకారం మాలాంటి ద్వీప దేశాలకి సాయం పెంచుతారట. మా చేపలు దోచుకుపోయే పెద్ద పడవల్ని తరమడానికి గస్తీ ఓడ కూడా ఇస్తారట. అది బిల్లు నెగ్గకముందే బయల్దేరింది; ఉండేది మాత్రం రాజధాని రేవులో. మా దీవికి రేపు ఒక్క పూట వచ్చి, కనిపించి వెళ్ళిపోతుంది. ఈలోగా మా అవసరాలు తెలుసుకోవడానికి విట్‌లాక్ అనే అధికారి ఈ పూటే విమానం దిగుతున్నాడు.

"మీ ఇంట్లోనే ఉంటాడు," అన్నాడు ఊరిపెద్ద జెబాన్, గుమ్మంలోంచే. "వానకి కారని ఇంటికప్పు మీ ఒక్కరిదే. మర్యాదలో లోటు రానీయకండి."

మా మర్యాద సంగతి చెప్పాలి. అతిథి దేన్నైనా బాగుందన్నాడంటే ఇక అది అతనిదే. ఇవ్వకపోతే మా పరువు పోతుంది, పుచ్చుకోకపోతే మాకు అవమానం. అందుకే మేం ఒకరింటికి ఒకరం వెళ్ళినప్పుడు ఏదీ నచ్చనట్టు మొహం పెట్టుకుని కూర్చుంటాం.

విట్‌లాక్‌కి మాత్రం, కనిపించినదల్లా మెచ్చుకోమని ఎవరో నేర్పి పంపారు.

"కెటిల్ భలే ఉందే," అన్నాడు కుర్చీలో కూర్చుంటూనే. కెటిల్ అతని ఒళ్ళోకి వచ్చింది. వద్దనబోయాడు గానీ వెంట తీసుకొచ్చిన జెబాన్ మొహం మాడిపోవడం చూసి ఊరుకున్నాడు. ఇబ్బందిగా కిటికీలోంచి చూసి, "మంచి పుంజు," అన్నాడు. కాళ్ళు కట్టి తెచ్చారు. కంగారులో, "మీ చొక్కా మీద చిలకలు బాగున్నాయండీ," అనేశాడు. లాంజెన్ గుండీలు విప్పాడు.

"ఆయన నోరు మూయించవేం?" హెర్టీనా గుసగుసలాడింది.

"ఓడ ఇచ్చేవాళ్ళ నోరు ఎలా మూయించను?"

"అయితే నిక్కరు జాగ్రత్త."

అంటూనే ఆమె గౌను పరుచుకుని చాప మీద కూలబడింది. అమ్మమ్మ ఏడు నెలలు కూర్చుని మొగలి ఆకులతో అల్లిన పెళ్ళి చాప అది. కానీ ఎంత పెద్ద గౌనైనా అంచులన్నీ కప్పలేదు కదా.

"ఇంత అందమైన చాప నా జన్మలో చూడలేదు," అన్నాడు విట్‌లాక్.

"చాప చుట్టెయ్యమ్మా," అన్నాడు జెబాన్, ఆమె వైపు చూడకుండా.

హెర్టీనా చుట్టి ఇచ్చి, పెరట్లోకి వెళ్ళి, చొక్కాలేని మొగుడి భుజం మీద తల పెట్టి ఏడ్చింది. "అమ్మమ్మకి ఏం చెప్పను?"

"వెళ్ళి అడిగేదా?"

"ఇచ్చింది వెనక్కి అడుగుతారా ఎవరన్నా? ఊళ్ళో తలెత్తుకోగలమా?"

లోపల విట్‌లాక్ చివరికి అడిగాడు, ఇవన్నీ ఎందుకిస్తున్నారని. జెబాన్ వివరించాడు. విట్‌లాక్ మొహం పాలిపోయింది.

"ముందే చెప్పొచ్చు కదండీ."

"చెబితే మీరు మెచ్చుకోరు. అది మర్యాద కాదు."

"మరి మీరు మెచ్చుకుంటే నేనూ ఇవ్వాలా?"

"ఇవ్వాలి మరి. మా దీవిలో ఉన్నంతసేపూ మావాళ్ళే కదా మీరు."

తలుపు చాటున హెర్టీనా ఏడుపు ఆగింది. కళ్ళు తుడుచుకుని వచ్చి అతని ఎదురుగా కూర్చుంది. విట్‌లాక్ చేతిగడియారం మీద అరచెయ్యి కప్పుకున్నాడు. ఆమె గడియారం వైపు చూడనైనా లేదు.

"మీ చాప ఎంత బాగుందండీ. ఎక్కడ దొరికింది?"

ఆ మనిషి మొహం వెలిగిపోయింది. రెండు చేతులా ఇచ్చేశాడు. వెనకే లాంజెన్ వచ్చి, చిలకల చొక్కాలాంటిది ఎక్కడా చూడలేదన్నాడు. కెటిల్ కూడా తిరిగొచ్చింది. పుంజుని మాత్రం ఎవరూ మెచ్చుకోలేదు. మధ్యాహ్నం కూరయ్యాక అందరూ మెచ్చుకున్నారు.

జెబాన్ రెండోసారి కూర వేయించుకుని చాలాసేపు ఆలోచించాడు. తరవాత బయటికి వెళ్ళి శంఖం ఊది ఊరిని పిలిచాడు.

"రేపు పొద్దున్నే అందరూ రేవు దగ్గరుండాలి. కెప్టెన్ దిగగానే ఓడ చాలా బాగుందనాలి. లంగరు సంగతి మరిచిపోతారేమో, దాన్ని లాంజెన్ విడిగా మెచ్చుకుంటాడు."