అరువు తెచ్చుకున్న కూత

ఆ ఉదయం వెరోనికా వేసుకున్న పథకంలో గొడవకు చోటే లేదు. భర్త జెనోనస్ పుట్టగొడుగులు ఏరాలి. తను చలికాలానికి ఎండుకొమ్మలు ఏరి మోపు కట్టాలి. మధ్యాహ్నానికి అడవి అంచున తోపుడుబండి దగ్గర కలుసుకుని రొట్టే, ఉప్పు పట్టించిన పందికొవ్వూ తినాలి. సెప్టెంబరు వానలు వెలిశాక మా లిథువేనియా పల్లెల్లో ఏ మొగుడూ పెళ్ళాలైనా చేసే పనే ఇది.

అడవిలో తప్పిపోకుండా మావాళ్ళు కూతలు వేసుకుంటూ తిరుగుతారు. వెరోనికా కూత పొట్టిది, మేతకెళ్ళిన ఆవును కసిరినట్టుంటుంది. పక్కింటి బెనెడిక్తా కూత అలా కాదు. "ఊ... ఊఊ..." అని సాగి చివర్లో వయ్యారంగా పైకి లేస్తుంది. అది చెవిన పడితే చాలు, వెరోనికాకు ఒళ్ళు మండుతుంది. మొగుడు పోయి ఏడాదైనా తిరగలేదు, అంత తీయగా ఎవరి కోసం కూస్తోందని ఆమె కడుపుమంట.

"ఊ!" అని వెరోనికా కేకేసింది. జవాబు లేదు. మళ్ళీ వేసింది. ఎక్కడో దూరం నుంచి "ఆఁ, ఉన్నాలే!" అని విసుగ్గా వినిపించింది. ఆమె మోపుకు తాడు బిగిస్తుండగా తెల్లబెరడు చెట్ల తోపుకు ఇవతల బెనెడిక్తా కూత లేచింది. అది ఇంకా ముగియకుండానే జెనోనస్ అందుకున్నాడు.

"ఊ... ఊఊ! ఇటు బెనెడిక్తా, ఇటు! ఇక్కడ బోలెడున్నాయి!"

ఆ గొంతు! పెళ్ళయిన కొత్తలో కూడా ఆమె అంత తీయటి గొంతు వినలేదు. ఈమధ్య అడవికి వెళ్ళినప్పుడల్లా అతను మోకాళ్ళదాకా బురదతో ఇంటికి రావడం గుర్తొచ్చింది. పుట్టగొడుగులు ఏరేవాడికి అడవి లోపలి ఊబి దగ్గర ఏం పని? అక్కడికి ఎవరూ రారు, అదీ పని. ఇద్దరూ కలిసి కంటబడ్డారా, ఆవును తోలుకుని అక్క ఇంటికి వెళ్ళిపోవడమేనని అప్పటికప్పుడే నిశ్చయించుకుంది.

తన గొంతుతో పిలిస్తే ఆ మనిషి జాగ్రత్తపడతాడు. అందుకని వెరోనికా మోపు వీపున వేసుకుని, గొంతు సవరించుకుని, అచ్చం బెనెడిక్తాలా కూసింది. సాగదీసింది, చివర్లో వయ్యారం కూడా కలిపింది.

"వచ్చెయ్, వచ్చెయ్! ఇంకాస్త ముందుకు!" అని వెంటనే జవాబు వచ్చింది.

ఆమె ముందుకు నడిచింది. గొంతు ఇంకా ముందుకు జరిగింది. మళ్ళీ కూసింది. మళ్ళీ పిలిచాడు. చెప్పులు తడిశాయి, తలగుడ్డ ఏదో కొమ్మకు చిక్కి ఉండిపోయింది, కాళ్ళు మోకాళ్ళదాకా దిగబడ్డాయి. పళ్ళు నూరుకుంటూ తీయగా కూయడం ఎంత కష్టమో ఆ రోజు ఆమెకు తెలిసింది. చివరికి పొద మాటున జెనోనస్ కనిపించాడు. ఇటు వీపు పెట్టి, నోటికి రెండు చేతులూ అడ్డుపెట్టుకుని, "రా బెనెడిక్తా, భయమెందుకు!" అని అరుస్తున్నాడు.

వెరోనికా మోపులోంచి ఒక కట్టె లాగి అతని వీపున ఒక్కటి వేసింది. "వచ్చానయ్యా!"

జెనోనస్ బుట్టతో సహా బురదలో కూలబడ్డాడు. "నువ్వా! ఆవిడేదీ?"

"ఆవిడ కావాలా నీకు? సిగ్గులేదూ!"

"అరవకే, వింటుంది! తోపులో లావుకాడ పుట్టగొడుగులు లేచే చోటొకటుంది. ఆవిడ అటే పోతోంది. దారి మళ్ళిద్దామని ఇటు పిలుస్తున్నా. పోయినవారమూ ఇలాగే తిప్పా."

వెరోనికా చేతిలో కట్టె దించింది. తర్వాత చాలా నెమ్మదిగా అడిగింది. "ఏ చోటు?"

"మా నాన్న పోతూ పోతూ చెప్పాడే. కట్టుకున్నదానికి కూడా చెప్పొద్దన్నాడు."

"ఇన్నేళ్ళూ నీ గురక భరించింది ఎవరయ్యా, మీ నాన్నా? ఆడదాన్ని దాచి ఉంటే ఒక ఏడుపు ఏడ్చి ఊరుకునేదాన్ని. పుట్టగొడుగులు దాస్తావా? నేనిప్పుడే అక్క ఇంటికి పోతున్నా. ఆవు నాతోనే వస్తుంది."

జెనోనస్‌కు తండ్రి మాట ఒకవైపు, పెళ్ళామూ ఆవూ ఒకవైపు. "పద, చూపిస్తా," అన్నాడు నీరసంగా.

ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని బురదలోంచి బయటపడి తోపు చేరారు. అక్కడ నాచులో కోసేసిన తెల్లటి మొదళ్ళు మాత్రమే మిగిలాయి. పడిపోయిన చెట్టు మీద కూర్చుని బెనెడిక్తా కత్తి తుడుచుకుంటోంది. రెండు బుట్టలూ పొర్లిపోతున్నాయి.

"అక్కా, బతికిపోయాననుకో!" అంది వెరోనికాను చూడగానే. "మీ ఆయన పిలిచాడని అటే వస్తున్నా. ఇంతలో ఊబిలోంచి నా గొంతుతోనే ఎవరో కూశారు! దెయ్యమే అయ్యుంటుంది. కాళ్ళూ చేతులూ ఆడలేదు. వెనక్కి తిరిగి పరుగో పరుగు, సరాసరి ఇక్కడొచ్చి పడ్డా. అయ్యో, మీ బుట్ట ఖాళీయేనా? ఇందా, కూరకైనా పట్టుకెళ్ళండి."

ఆ జాలి వెరోనికాకు పుండు మీద కారమైంది. పుట్టగొడుగులు మాత్రం తీసుకుంది. మలుపు తిరిగాక మొగుడి మోచెయ్యి పట్టుకుంది.

"ఇదిగో, ఈసారి ఆవిడ కూయగానే పలుకు. ఇంకా తీయగా పలుకు. ఊబి ఇంకా లోపలికుంది, అక్కడిదాకా తిప్పు."

"నువ్వేమీ అనుకోవుగా?"

"నేనెందుకనుకుంటా?"

జెనోనస్ ఊపిరి పీల్చుకున్నాడు. అయితే అంత తీయటి గొంతు ఎవరి దగ్గర సాధన చేశాడో చెప్పమని ఇల్లు చేరేదాకా ఆమె అడుగుతూనే ఉంది.