వెనక సీటు కమిటీ

చుక్కమ్మ బండెక్కి సూర్యుణ్ణి చూడబోయె
ఇరుసు కిర్రుమంటేను ఇంట పిల్ల లేచె...

ఆ తర్వాతేదో ఉంది, నోటిదాకా వచ్చి పోతోంది. చిన్నప్పుడు వేరుశెనక్కాయలు ఒలుస్తూ పాడేవాళ్ళం. చుక్కమ్మ చేరిందో లేదో పాటలో ఉండే ఉంటుంది, నాకు గుర్తు లేదు. బండి కథ ఏది విన్నా నాకు అదే బెంగ, ఎక్కినమ్మ చేరిందా అని. ఈ కథ మాత్రం చివరిదాకా తెలుసు.

ఒక పెద్ద అడవిలో కొత్తగా తారురోడ్డు పడింది. కొండ చుట్టూ మెలికలు తిరుగుతూ అవతలి అడవిదాకా పోయింది. పాములు దాన్ని చూసి, "ఈయన మన వాళ్ళేనా?" అని ఆరా తీశాయట.

ఆ అడవులన్నిటికీ మంత్రసాని ఒక్కతే, ముంగిస బుల్లెమ్మ. కొండ అవతల కాన్పంటే నడిచే పోవాలి. కిందటేడు కుందేలు కబురు పెట్టింది. ఈవిడ చేరేసరికి పిల్లలు పుట్టి, పెరిగి, వాకిట్లో ఎదురొచ్చి, "ఎవరు కావాలండీ?" అన్నాయి.

కుందేలు కాబట్టి నవ్వుకున్నారు. ఇప్పుడు అవతల దుప్పికి నెలలు నిండాయి. తొలిచూలు. పైగా కడుపులో బిడ్డ అడ్డం తిరిగిందని అనుమానం. ఈసారి ఆలస్యమైతే నవ్వుకోవడానికేం మిగలదు.

బుల్లెమ్మ కోతి నడిపే మోటారు సైకిళ్ళ దుకాణానికి పోయింది.

"దూరం పోవాలి నాయనా. తొందరగానూ పోవాలి. దిగాక నా నడుం నాకు ఉండాలి."

"అయితే ఇది చూడక్కా," అంది కోతి. "పందెం బండైతే బోర్లా పడుకుని తోలాలి. దీని మీద కాస్త ముందుకు వంగితే చాలు. గాలి మొహాన కొట్టకుండా అద్దం. నీ వేర్లకీ గుడ్డలకీ రెండు పక్కలా పెట్టెలు."

బుల్లెమ్మ ఎక్కింది. కాళ్ళు నేలకి ఆనాయి. ముంగిస కాళ్ళు ఆనాయంటే ఆ బండికి ఎంత మర్యాదో చూడండి! ఆ అడవిలో బండ్లు ఇప్పసారాతో నడుస్తాయి. మలుపుల్లో అంత హాయిగా పక్కకి వాలడం అందుకే.

"ఇదే నా బండి," అంది బుల్లెమ్మ.

కానీ కొనాల్సింది అడవి సభ. సభ కొనాలంటే ఎంపిక కమిటీ చూడాలి. కమిటీకి అధ్యక్షుడు ఎలుగుబంటి జాంబయ్య. సభ్యులు నెమలి, అడవిదున్న. కార్యదర్శి నక్క. నలుగురిలో ఒక్కరికీ బండి తోలడం రాదు. వచ్చినవాళ్ళని కమిటీలో ఎందుకు వెయ్యలేదో, ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టదు.

నలుగురూ దుకాణానికి వచ్చారు. జాంబయ్య గంభీరంగా బండి చుట్టూ తిరిగి, వెనక సీటు మీద కూర్చున్నాడు. ఆ అడవిలో పెద్దలు ముందు కూర్చోరు. ముందు కూర్చుంటే డ్రైవరంటారు, వెనక కూర్చుంటే అయ్యగారంటారు.

"ఇరుకు," అన్నాడు జాంబయ్య.

"ఇరుకే సార్," అంది నక్క. "మీరు కూర్చోకముందే అనుకున్నాను."

నెమలి వెనక సీటెక్కి తోక విప్పబోయింది. విప్పడానికి చోటు లేదు. "ఛీ, పరువు తక్కువ. నలుగురూ చూడకపోతే ఇంత దూరం పోవడం దేనికి?"

దున్న మాత్రం తెలివైన ప్రశ్నే వేసింది. "లీటరుకి ఎంత ఇస్తుంది?"

"ఎవరికి?" అన్నాడు జాంబయ్య. ఇప్పసారా అంటే ఆయనకి మొదట్నుంచీ ఆసక్తి.

చివరికి బండి వెనక సోఫా ఒకటి బిగించమన్నారు. జాంబయ్యకి దిండు, నెమలికి తోక పరుచుకునే పలక, దున్న పట్టుకునేందుకు ఇనప కమ్మీ. వీటికి అడ్డమని పెట్టెలు పీకించారు. ఇంకా చోటు చాలలేదని ముందు సీటు కోయించారు.

"అయ్యగారూ, తోలేది నేను కదండీ!" అంది బుల్లెమ్మ.

"నువ్వు చిన్నదానివి తల్లీ, సర్దుకుంటావు," అన్నాడు జాంబయ్య ప్రేమగా.

కోతి మెల్లగా నోరు విప్పింది. "సార్, అంత బరువు వెనక పడితే..."

"నువ్వు అమ్మేవాడివా, చెప్పేవాడివా?" అంది నక్క.

ప్రారంభోత్సవం నాడు మామిడాకులు కట్టారు, కొబ్బరికాయ కొట్టారు, ముందు చక్రం కింద నిమ్మకాయ పెట్టారు. జాంబయ్య ఉపన్యాసం సగంలో ఉండగా కాకి రొప్పుతూ వచ్చింది.

"బుల్లెమ్మత్తా! దుప్పికి నొప్పులు మొదలయ్యాయి. కళ్ళు తేలేస్తోంది!"

"నన్ను వదలండి బాబూ, పోతాను!" అంది బుల్లెమ్మ.

"ప్రారంభం కాకుండా బండి కదిలితే దాన్ని దొంగతనమంటారమ్మా," అన్నాడు జాంబయ్య. "మేం ఎక్కుతాం, అలా ఓ చుట్టు తిప్పు. ఆనక నీ ఇష్టం."

నలుగురూ సోఫా మీద సర్దుకున్నారు. బుల్లెమ్మ ముందు మిగిలిన చారెడు చోటులో నక్కి, పళ్ళ బిగువున యాక్సిలరేటర్ తిప్పింది.

బండి ముందుకి పోలేదు. ముందు చక్రం మెల్లగా గాల్లోకి లేచింది. కింద నిమ్మకాయ నిక్షేపంగా ఉంది.

"ఏమిటిది, ఆకాశం కనిపిస్తోంది?" అన్నాడు జాంబయ్య.

"తమరి హయాంలో అడవి పైకొస్తోంది సార్!" అంది నక్క.

టప్, టప్, టప్. సోఫా బోల్టులు ఊడాయి. సోఫా, దిండు, పలక, కమ్మీ, వాటితో పాటు నలుగురు పెద్దలూ వాలు మీదుగా జారి దున్నల బురదగుంటలో పడ్డారు. దున్న ఒక్కటే, "అబ్బ, ఇప్పుడు కుదిరింది సీటు," అని కళ్ళు మూసుకుంది.

ముందు చక్రం దబ్బున దిగింది. నిమ్మకాయ పిచ్చుమని చితికింది. బండి బాణంలా పోయింది. బుల్లెమ్మ వెనక్కి తిరగలేదు. అద్దంలో చూసి నవ్విందని కాకి అంటుంది, కాకి మాటలు మనకెందుకు.

మలుపు వచ్చినచోటల్లా బండి వాలింది, బుల్లెమ్మ కూడా వాలింది. అవతల దుప్పి సోలిపోయి పడి ఉంది. బుల్లెమ్మ చేతులు కడుక్కుని, పొట్ట నిమిరి నిమిరి బిడ్డని తిన్నగా తిప్పింది. పొద్దు వాలకముందే ఆడపిల్ల. పుట్టగానే నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకి పెట్టి నిలబడిందట! తల్లి దాని మొహం నాకుతుంటే బుల్లెమ్మ కాసేపు అలా చూస్తూ కూర్చుంది.

తిరిగొచ్చేసరికి పెద్దలింకా బురదలోనే ఉన్నారు. లేవలేక కాదు, అత్యవసర సమావేశం జరుగుతోంది.

"అయ్యగారూ, తల్లీ పిల్లా కులాసా," అంది బుల్లెమ్మ బండాపి.

నీతి చెప్పకుండా కథ ముగిస్తే ఊరుకోరు కదా. ఆ నీతేదో జాంబయ్యే, మీసాల మీది బురద తుడుచుకుని, బుల్లెమ్మతో చెప్పాడు:

"సంతోషం తల్లీ. ఇక్కడ మేం కూడా తప్పెక్కడుందో కనిపెట్టేశాం. ముందు ఒకరు కూర్చోవడం వల్లే బండి వెనక్కి పడింది. ఈసారి ఆ ముందు సీటు పూర్తిగా తీయించేస్తాం!"