అడ్వాన్సు మొక్కు

హిందూపురంలో హనుమంతరాయుడు ఆ ఆదివారం పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. బ్యాటరీ సైకిలెక్కి ఊరి బయటికి పోవాలి. హోటల్లో బొరుగుల ఉగ్గాని, బజ్జీ తినాలి. ముఖాన కాసిని నీళ్లు చల్లుకుని, చెమట పట్టినవాడిలా ఇంటికి రావాలి. మూడు వారాలుగా ఆయన చేస్తున్న వ్యాయామం ఇదే.

సంగతేమిటంటే, ఆయనకు షుగరు. రోజూ సైకిలు తొక్కమని డాక్టరు చెప్పాడు. "ఉగాదికల్లా షుగరు దిగకపోతే నీకు ఓళిగ లేదు. వాసన గూడా చూపించను" అని భార్య నీలావతి తేల్చేసింది. ఓళిగ, అదే బొబ్బట్టు, లేని ఉగాది తలుచుకుని ఆయన విలవిల్లాడిపోయి, జహీర్ సైకిలు షాపుకు పరుగెత్తాడు. అక్కడ దొరికింది ఈ మహాతల్లి. కావాలంటే తొక్కొచ్చు, వద్దనుకుంటే బొటనవేలితో మీట నొక్కితే అదే పోతుంది.

ఎక్కిన రోజే ఆయనకు ప్రాణం లేచొచ్చింది. ఎత్తు రోడ్డయినా, ఎదురుగాలయినా సర్రున పోయేది. ఊరికే కాళ్లు తిప్పుతూ కూర్చుంటే చాలు. యాభై ఆరేళ్ల మనిషి ఈల వేసుకుంటూ తిరిగాడు. సైకిలుకు బిగించిన బ్యాటరీ డబ్బా చూసి, ఈ నల్ల డబ్బా ఎందుకని నీలావతి అడిగితే, లైటుకని చెప్పాడు. చార్జింగు మాత్రం జహీర్ షాపులోనే పెట్టించేవాడు.

ఆ ఆదివారం చెప్పులు వేసుకుంటుంటే నీలావతి అడ్డమొచ్చింది.

"యాడికి? ఈ పొద్దు పెనుకొండకు పోవల్ల."

"బస్సులోనా?"

"సైకిల్లో. నరసింహస్వామికి నీ పేరు మీద మొక్కుకుంటి. ఉపవాసంతో తొక్కుకుంటా వస్తావని."

"షుగరు దిగినాక గదా మొక్కు తీర్చేది?"

"ముందే తీర్చేస్తే స్వామి మొహమాటానికన్నా దించుతాడు. రేపే గదా రక్తపరీక్ష."

హనుమంతరాయుడు లోలోపల నవ్వుకున్నాడు. మీట నొక్కుకుని పోవడానికి పెనుకొండ అయితేనేం, ఇంకేదైతేనేం? ఉగ్గాని పోవడం ఒక్కటే బాధ. "దేవుని పని, పోతాలే" అన్నాడు పెద్ద భక్తుడిలా. భక్తంటే ఇదీ అని ఎదురింటి బాలమ్మ తన మొగుణ్ణి పిలిచి మరీ ఆయన్ను చూపించింది.

మొక్కు బండిని పూజ చేయకుండా ఎవరైనా పంపుతారా? ఆయన స్నానానికి పోయినప్పుడు నీలావతి నాలుగు బిందెల నీళ్లు పోసి సైకిలు కడిగింది. నల్ల డబ్బా మూత ఊడదీసి, లోపల కూడా పీచుతో తోమింది. పసుపు రాసి, కుంకుమ పెట్టి, చక్రం కింద నిమ్మకాయ ఉంచింది. తర్వాత కొబ్బరికాయల బుట్టతో, షాపుతో పాటు ఆటో కూడా నడిపే జహీర్‌ను పిలిపించి అతని ఆటోలో ఎక్కి కూర్చుంది, మొక్కు సక్రమంగా తీరుతోందో లేదో వెనకనుంచి చూసుకోవడానికి.

హనుమంతరాయుడు వచ్చి మీట నొక్కాడు. సైకిలు ఉలకలేదు. మళ్లీ నొక్కాడు. డబ్బాలోంచి నీళ్లు కారాయి.

"ఏమన్నా, తొక్కుతాండావా?" అన్నాడు జహీర్, నవ్వు ఆపుకుంటూ.

వీధంతా చూస్తోంది. నిజం చెబితే ఓళిగ పోతుంది, తొక్కితే ప్రాణం పోతుంది. ఆయన ఓళిగను తలుచుకుని తొక్కాడు.

మామూలు సైకిలుకు రెండింతల బరువది. సోమందేపల్లి చేరేసరికి ఆయనకు కళ్లు తిరిగాయి. "రొంత నిలుస్తానే" అంటే, "మొక్కులో నిలిచేది ఉండదు" అని ఆటోలోంచి జవాబొచ్చింది. చివరికి పెనుకొండలో సైకిలు దిగి, ఎదురొచ్చిన పూజారి కాళ్ల మీద కుప్పకూలాడు. చూసినవాళ్లు ఎంత భక్తి అనుకున్నారు.

మర్నాడు డాక్టరు కళ్లద్దాలు తుడుచుకుని రిపోర్టు రెండుసార్లు చదివాడు. షుగరు దిగింది. హనుమంతరాయుడికి ఏడుపొచ్చినంత సంతోషమైంది.

"ఓళిగలు?" అన్నాడు ఇంటికి రాగానే.

"రెండు. నెయ్యి వేసి పెడతా" అంది నీలావతి.

అంతలో జహీర్ వచ్చాడు. "అన్నా, కొత్త బ్యాటరీ తెచ్చినా."

"లైటుకు ఇంత పెద్దదా?" అంది నీలావతి.

"లైటుకు గాదక్కా, బండి నడిపేదే ఇది. నిన్న ఒక్కదినమే అన్న నిజంగా తొక్కింది" అనేసి జహీర్ నాలుక్కరుచుకున్నాడు.

హనుమంతరాయుడు కళ్లు మూసుకున్నాడు. నీలావతి మాత్రం అరవలేదు. "ఒక్కదినం తొక్కితేనే ఇంత దిగిందా" అని గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది. "దాన్ని వాపసు తీసకపో జహీరూ."

ఉగాదినాడు మాట ప్రకారం రెండు ఓళిగలూ పెట్టి, ఆయన తింటుండగానే, బీపీ దిగాలని ఇంకో మొక్కు మొక్కుకుంది, ఈసారి పెనుకొండ దాటి ధర్మవరం దాకా.