నిమ్మగడ్డి నూనె, ఇరవై ఆరు గొర్రెపిల్లలు

ఆ రోజు పొద్దున లింగస్వామి పెట్టుకున్న పని చిన్నదే. తమ్ముడు మల్లేశ్ గొర్రెలను మేతకు తోలుకుపోయాక, దొడ్డిలో ఉన్న ఇరవై ఆరు పిల్లలకు, ఒంటికి పట్టి నెత్తురు పీల్చే గోమార్లు పోయే నూనె రాయడం, ఆ తర్వాత తీరిగ్గా చాయ తాగడం.

అది నిమ్మగడ్డి నుంచి తీసిన నూనె. పల్లినూనెలో కలిపి ముందురోజు కోస్గిలో పశువుల డాక్టరు మంజులత ఇచ్చింది. "గోమార్ల మందు గొడితే కొన్ని దినాల దాకా మాంసానికి అమ్మరాదు. దీనితోని గంత ఫికర్ లేదు. కానీ జరంతనే రాయాలె, చెవుల ఎనక ఒక్క వేలు" అని రెండుసార్లు చెప్పింది. లింగస్వామి రెండుసార్లూ తల ఊపాడు.

తీరా మూత తీస్తే ఆ వాసనకు అతనికి ప్రాణం లేచొచ్చింది. అసలే అతనిది పెట్టే చెయ్యి. 'గోమార్లు ఏమన్న చెవుల ఎనకనే కిరాయికుంటున్నయా?' అనుకున్నాడు. ఒక్కొక్క పిల్లను కాళ్ల మీద పడుకోబెట్టుకొని, పసిపాపకు నలుగు పెట్టినట్టు ముక్కు నుంచి తోక దాకా రుద్దాడు. సీసా ఖాళీ అయ్యేసరికి పిల్లలన్నీ తళతళలాడుతున్నాయి.

సాయంత్రం మంద తిరిగొచ్చింది. పాలిచ్చే ముందు తల్లిగొర్రె పిల్లను వాసన చూస్తుంది. తన పిల్ల వాసనైతే నిలబడుతుంది, కాకుంటే తంతుంది. మొదటి తల్లి మూతి పెట్టి చూసి, తుమ్మి, తన్నింది. రెండోదీ అంతే. కాసేపట్లో ఇరవై ఆరు పిల్లలూ తల్లులుండీ లేనివైపోయి ఒక్కటే గోల.

భార్య సైదమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఏం జేసినవయ్యా పిల్లలను?"

"జర నూనె రాసిన."

"గిది జరనా? వాసన సడక్ దాకా వస్తాంది!"

ఆమె బట్టల సబ్బుతో పిల్లలను కడిగింది. నిమ్మగడ్డికి సబ్బు వాసన తోడై తల్లులు ఇంకా దూరం జరిగాయి. సర్దిచెబుదామని లింగస్వామి దొడ్డిలోకి పోబోతే, ఎనిమిదేళ్లుగా అతని చేతి ముద్ద తింటున్న కుక్క కూడా ఆ వాసనకు దొంగను చూసినట్టు మొరిగి పంచె పట్టుకుంది.

అందరికంటే చిన్న పిల్ల ఒకటి తడిసి వణుకుతూ అతని కాలికి ఆనుకుంది. లింగస్వామి దాన్ని ఎత్తుకొని డాక్టరుకు ఫోన్ చేశాడు.

జరిగిందంతా విని మంజులత అడిగింది, "నూనె ఏమన్న మిగిలిందా?"

"లేదు మేడం. నా చేతులకే ఉంది."

"అయితే గా చేతులతోనే తల్లుల ముక్కులు తుడువు. అన్నీ ఒక్కతీరు వాసనొస్తే తేడా తెల్వది."

సైదమ్మ కుక్కను పట్టుకుంటే లింగస్వామి ఒక్కో గొర్రెనూ బతిమాలి ముక్కు తుడిచాడు. తల్లులు శాంతించాయి. ఏ పిల్ల ఏ తల్లి కింద దూరినా ఎవరూ అడిగేవాళ్లు లేరు.

అప్పుడే, గోడ మీంచి అంతా చూసిన పక్కింటి పీర్ మహమ్మద్ మేకపిల్లను ఎత్తుకొచ్చాడు. "లింగన్నా, దీని తల్లి పొద్దున పాణం ఇడిసింది. జర దీనికి గూడ నీ చేతులు రుద్దరాదే."

లింగస్వామి సంతోషంగా రుద్దాడు. మందలోకెల్లా పొడుగైన గొర్రె, అతనికి మహా ఇష్టమైనది, తన పిల్లతోపాటు దానికీ పాలిచ్చింది.

మూడు రోజులకు వాసన పోయింది. ఏ తల్లి పిల్లను ఆ తల్లి గుర్తుపట్టింది. పొడుగు గొర్రె మాత్రం మేకపిల్లను కూడా తన పిల్లే అనుకుంది. పీర్ మహమ్మద్ మేకపిల్లను తీసుకుపోతే గొర్రె వెనకే పోయింది. దాని వెనక దాని పిల్ల పోయింది. లింగస్వామి మూడుసార్లు తాడు కట్టి లాక్కొచ్చాడు. మూడుసార్లూ అది గోడ దూకింది. నాలుగోసారి పోయేసరికి పీర్ భార్య అజీజా బేగం దాని ముందు తవుడు నీళ్లు పెట్టి మెడ నిమురుతోంది. గొర్రె లింగస్వామి వంక తలెత్తి చూసి, మళ్లీ తాగసాగింది.

"కూసో అన్నా, చాయ తాగి పో" అంది అజీజా బేగం. అతను తాడు పక్కన పెట్టి కూర్చున్నాడు.

ఆ సాయంత్రమే మంజులత ఫోన్ చేసింది. "ఏమైంది లింగస్వామీ, గోమార్లు పోయినయా?"

"పోయినయి మేడం. ఒక గొర్రె గూడ పోయింది."