లాజరుగారి పక్కా కప్పు

ఇల్లు లేదని చెప్పుకోవడం ఎవరికైనా తేలికే. ఆ సంగతి ప్రభుత్వాన్ని నమ్మించాలంటే మాత్రం ముందు ఒక ఇల్లుండాలి.

మాజీ నాయక్ లాజరుకు ఇది అరవై రెండో ఏట తెలిసింది. పదిహేడేళ్లు సైన్యంలో మంచుకొండల మీద కాపలా కాసి, మోకాలు అక్కడే పాడుచేసుకుని వచ్చిన మనిషి. తర్వాత భవానీపురంలో ఓ అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. మెట్ల కింద గదిలో కాపురం. భార్య పోయిన ఏడాదే అపార్ట్‌మెంటువాళ్లు కెమెరాలు పెట్టించుకుని (వాటికి గది అక్కర్లేదు) ఆయన్ని పంపేశారు. అప్పట్నుంచి రోడ్డు పక్క బస్‌షెల్టర్లో ఉంటున్నాడు. రోజూ మొదటి బస్సు వచ్చేలోగా గడ్డం గీసుకుని, దుప్పటి మడిచి, ప్రయాణికులకు బెంచీ ఖాళీ చేసేవాడు.

'నిరాశ్రయ మాజీ సైనికుల గృహయోగ పథకం' వచ్చిందని విని దరఖాస్తు పెట్టాడు. సూపరింటెండెంట్ వెంకటకృష్ణారావు ఏడో గడి దగ్గర ఆగిపోయాడు.

"శాశ్వత చిరునామా రాయలేదేంటండీ?"

"అది లేకేగదండీ వచ్చింది."

"ఆ లేకపోవడం ఎక్కడో రాయాలండీ. మావాళ్లొచ్చి చూడొద్దూ?"

లాజరు బస్‌షెల్టర్ గుర్తులు రాసిచ్చాడు. తనిఖీ ఉద్యోగిని నాగవేణి అక్కడికి వెళ్లిన రోజున ఆయన, ఫైలు ఏమైందో కనుక్కుందామని, ఆమె ఆఫీసులోనే కూర్చుని ఉన్నాడు. 'ఇంటికి తాళం వేసి ఉంది' అని నమోదైంది. (ఆమె ఫోన్లోని తనిఖీ యాప్‌లో మరో మాట ఎంచుకునే వీల్లేదు.)

రెండోసారి ఆయన కదల్లేదు. నాగవేణి ఫొటో తీసింది. యాప్ కాసేపు ఆలోచించి, 'పక్కా కప్పు, మూడు గోడలు, గాలీ వెలుతురూ ధారాళం. అనర్హులు' అని తేల్చింది.

"ఏమనుకోకండి లాజరుగారూ," అందామె నొచ్చుకుంటూ. "రేపు కాస్త బయట నిలబడండి, మళ్లీ తీస్తాను."

మర్నాడు వాన. ఆయన ఛాతీ విరుచుకుని అరగంట నిలబడ్డాడు. నాగవేణి తన గొడుగు పట్టబోతే యాప్ దాన్నీ కప్పు కిందే జమకట్టింది. దాంతో ఆమె గొడుగు మడిచేసింది. ఈసారి 'దరఖాస్తుదారు ఇల్లు విడిచి వెళ్లారు' అని వచ్చింది.

"సరిహద్దులో నిలబడితే కనీసం ఉన్నట్టు రాసుకునేవాళ్లమ్మా," అన్నాడు లాజరు, మోకాలు పట్టుకుని కూర్చుంటూ.

నాగవేణి తడిసిన చీరతోనే ఆఫీసుకెళ్లింది. "సార్, ఆయనకి ఇల్లివ్వకపోతే ఈ యాప్ నేను ముట్టుకోను."

వెంకటకృష్ణారావు మనసున్న మనిషే. పైగా ఆగస్టు పదిహేనుకల్లా వంద ఇళ్లు అప్పగించాలని పైనుంచి ఆదేశం. తొంభైతొమ్మిది అయ్యాయి. ఆయన నిబంధనలన్నీ తిరగేసి, 'దరఖాస్తుదారు ప్రస్తుతం నివసిస్తున్న కట్టడాన్నే' మంజూరు చేశాడు.

పదిహేనో తేదీ ఉదయం షామియానా వేశారు. బస్‌షెల్టర్‌కు రిబ్బను కట్టి, కత్తిరించి, లాజరు చేతిలో తాళంచెవి పెట్టారు. ఆయన అలవాటుకొద్దీ సెల్యూట్ కొట్టి, వెనక్కి తిరిగి చూశాడు.

"తలుపేదండీ?"

"రెండో దశలో వస్తుందండీ," అన్నాడు వెంకటకృష్ణారావు మర్యాదగా. నాగవేణి చప్పట్లు కొట్టలేదు.

సొంత నివాసాల ముందు బస్సు ఆపరాదు కనక బస్సులు కాస్త ముందుకెళ్లి ఆగడం మొదలుపెట్టాయి. అక్కడ తడుస్తున్నవాళ్లను లాజరు చెయ్యూపి లోపలికి పిలుస్తుంటాడు.

జిల్లాలో ఇల్లులేని మాజీ సైనికుడు ఒక్కడూ లేడని ఆ ఏటి నివేదికలో ఉంది.